లారీ మెచ్చిన టమాటా

టమాటాను తినేది మనమే అయినా ఎంపిక చేసింది మాత్రం లారీ. మదనపల్లె మార్కెట్లో వ్యాపారి క్రేటు మీది కాయను బొటనవేలితో నొక్కుతాడు, రంగు చూస్తాడు, సైజు చూస్తాడు, పాట పాడేస్తాడు. కొరికి చూసిన పాపాన పోడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. పగలకుండా ఢిల్లీ చేరాల్సింది కాయే గాని రుచి కాదు. ప్రపంచమంతటా టమాటా బ్రీడర్లు దశాబ్దాలుగా ఆ బొటనవేలికే జవాబుదారీలు. అందుకే కాయలో గట్టిదనం పెరిగింది, బరువు పెరిగింది, మన చారులో చింతపండు కూడా పెరిగింది.

పాత రకాల పచ్చికాయకు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ పట్టీ ఉండేది. దానివల్ల కాయ ఒకపక్క పండి ఒకపక్క పండనట్టు కనిపిస్తుందని, అంతా ఒకే లేతాకుపచ్చగా ఉండి సమానంగా ఎర్రబడే రకాలను సుమారు 70 ఏళ్లపాటు ఏరుకుంటూ వచ్చారు. అసలు సంగతి 2012లో ‘సైన్స్’ పత్రికలో బయటపడింది: ఆ ఏకరూప సౌందర్యం ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చిందట! జన్యువు బాగున్న కాయలో పత్రహరితం ఎక్కువ, చక్కెరలూ ఎక్కువే. తీపిని తీసేసి రంగు దిద్దుకున్నామన్నమాట. ఇది ఎవరి కుట్రా కాదు. అడిగింది ఎర్రదనం, ఇచ్చింది ఎర్రదనం.

పోయినదాన్ని సాగు రకాల్లోనే వెతుక్కుందామంటే అక్కడ సరుకు తక్కువ. స్పెయిన్ వాళ్లు ఐరోపాకు మోసుకెళ్లిన గుప్పెడు విత్తనాల సంతానం, ఆపైన స్వపరాగ సంపర్కం. మేనరికం మీద మేనరికం చేసుకున్న వంశం ఇది. కలిమంతా దక్షిణ అమెరికాలోని అడవి బంధువుల దగ్గరే ఉండిపోయింది. 1962లో అడవి బంగాళదుంపల కోసం పెరూ వెళ్లిన వృక్షశాస్త్రవేత్తలు హ్యూ ఇల్టిస్, డాన్ యూజెంట్ దారిలో కనబడ్డ ఒక పిచ్చి టమాటా విత్తనాలను కాలిఫోర్నియాలోని టమాటా శాస్త్రవేత్త చార్లెస్ రిక్‌కు పంపారు. కాయ చూస్తే మన వ్యాపారి మొహం తిప్పుకుంటాడు. దాన్ని సాగు రకాలతో సంకరం చేస్తూ పోగా గుజ్జులో చక్కెరలూ ఇతర కరిగే ఘనపదార్థాలూ పెరిగాయి. గాలాపగోస్ దీవుల అడవి టమాటా విత్తనాలైతే ఎంతకీ మొలవక, చివరికి అక్కడి తాబేళ్ల కడుపులోంచి బయటికొచ్చాక మొలిచాయి. ఆ తాబేళ్లంత శ్రద్ధగా కాయను పరిశీలించే అధికారి మన మార్కెట్ యార్డుల్లో ఒక్కరుంటే బాగుండును.

‘రైతుకు కావాల్సింది దిగుబడి, మీ నాలుక ముచ్చట కాదు’ అంటారు. సబబే. కానీ ఆ దిగుబడిని కాపాడుతున్నదీ ఈ అడవి చుట్టాలే: ఆకుముడత వైరస్‌ను తట్టుకునే టీవై-1 జన్యువు సొలానమ్ చిలెన్సే నుంచి, వేరుబుడిపె నులిపురుగులను తట్టుకునే ఎంఐ జన్యువు సొలానమ్ పెరువియానమ్ నుంచి వచ్చాయి. మంచి జన్యువుతో పాటు పక్కనున్న చెడ్డవీ అంటుకొస్తాయన్న అభ్యంతరం ఇంకా బలమైంది. వాటిని విడదీయడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు డీఎన్ఏ మార్కర్లతో మొక్క నారు దశలోనే ఉండగా ఏరివేయవచ్చు. అడ్డంకి ప్రయోగశాలలో కన్నా ధరలో ఎక్కువగా ఉంది. తీపికి పైసా పలకనప్పుడు తీపి రకం వేసే రైతు ధర్మసత్రం నడుపుతున్నట్టే. రసం చుక్క వేస్తే తీపి ఎంతో చెప్పే బ్రిక్స్ అంకె చూపించే పరికరం చేతిలో ఇమిడిపోతుంది. కాటా పక్కన దాన్ని పెట్టి, ధర చీటీలో ఇంకో గడి గీస్తే చాలు. రైతుకు రెండు రూపాయలు ఎక్కువొచ్చే గడి కదా, గీయడానికి ముందు ఒక కమిటీ వేయాల్సి ఉంటుంది.