గంటకు 69 పైసల వినోదం

నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ప్లాన్ నెలకు 499 రూపాయలు. నెలకు ముప్పై రోజులు, రోజుకు ఇరవై నాలుగు గంటలు, వెరసి 720. భాగిస్తే గంటకు 69 పైసలు. "69 పైసలకు ఇయ్యాల రేపు అగ్గిపెట్టె గూడ రాదే అన్నా!" అని తేల్చేశాడు పోలికల పంతులు. లెక్కలో తప్పు పట్టడానికి లేదు. తిండీ నిద్రా స్నానమూ ఉద్యోగమూ మానేసి నెలంతా తెర ముందు కూర్చోగల మనిషికి అది నిజంగానే కారుచౌక. అలాంటి మనిషికి ఆ 499 రూపాయలు ఎక్కడినుంచి వస్తాయన్నది మాత్రం ఆయన పట్టికలో లేదు.

పోలికల పంతులు ఒక మనిషి కాదు, ఒక జాతి. మా మంఖాల్‌లోనే టీ కొట్టు దగ్గర ఒకడుంటాడు, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులో ఒకడుంటాడు, కొత్త అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అయితే నలుగురుంటారు. అందరి ఫోన్లలోనూ ఒకటే పట్టిక. పైన యాప్‌ల పేర్లు, పక్కన ధర, ఎన్ని తెరలు, ఎంత క్వాలిటీ, ఎన్ని సినిమాలు, ఎన్ని సిరీస్‌లు. అన్నిటికీ కింద 'వ్యాల్యూ', పదికి మార్కులు. ఎవరైనా మాట వరసకు "రాత్రి ఏం సినిమా చూశావ్?" అని అడిగితే ఆ మనిషి తడబడతాడు. చూడలేదు. చూడ్డానికి ఏది మేలో తేలలేదింకా.

ఈ లెక్క మంఖాల్‌లో పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఒక పక్క శ్రీశైలం రోడ్డు, ఒక పక్క ఔటర్, ఇంకో పక్క ఎయిర్‌పోర్టు. 2008లో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన నాటి నుంచీ ఈ చుట్టుపక్కల ప్లాట్లన్నీ 'ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు' అనే ఒక్క వాక్యం మీదే అమ్ముడయ్యాయి. కొన్న మనిషి ఎన్నేళ్లకోసారి విమానం ఎక్కుతాడని బ్రోచర్ అడగదు, కొన్నవాడూ తనను తాను అడగడు. 'వేల గంటల కంటెంట్' అన్నది కూడా అదే వెంచర్‌వాడి మాట. ఆ వేల గంటల్లో మన ఇంట్లో ఎవరు, ఏ పూట, ఏం చూస్తారు? ఈ ప్రశ్నకు పట్టికలో గడి లేదు. ఉంటే పట్టిక అక్కడే చిరిగిపోతుంది.

'తెలుగు కంటెంట్' అనే గడి మాత్రం ఉంది. దాంట్లో టిక్కు పెట్టడం ఎంత కష్టమో చూడండి. 'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న థియేటర్లకు వచ్చింది. మే 20న ఇళ్లకు వచ్చింది. హిందీ మాటలతో నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగుతో జీ5కు. జీ5 మొదట దాన్ని విడిగా అద్దెకిస్తానని బయల్దేరి, జనం మండిపడేసరికి చందాదారులందరికీ తలుపు తీసింది. అక్కడ ప్రపంచమేమో నెట్‌ఫ్లిక్స్‌లో భీమూ రామూ హిందీ మాట్లాడుతుంటే విని చప్పట్లు కొట్టింది. డల్లాస్‌లో ఉన్న మనవాడు నెట్‌ఫ్లిక్స్‌కు నెలనెలా డాలర్లు కడుతూ కూడా, తెలుగు సినిమాను తెలుగులో వినడానికి ఇంకో యాప్ వెతుక్కున్నాడు.

ఇదేదో ఒక్క సినిమాకు పట్టిన శని అనుకుంటే పొరపాటు. 'కల్కి 2898 ఏడీ' 2024 ఆగస్టు 22న తెలుగులో ప్రైమ్‌కు పోయింది, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది. 'హనుమాన్' ఇంకా ఘనుడు: హిందీ జియోసినిమాలో, తెలుగు జీ5లో, తమిళ కన్నడ మలయాళాలు హాట్‌స్టార్‌లో. లంకకు ఒక్క దూకుడులో పోయినాయన చందాదారుడి ఇంటికి రావడానికి మూడు దారులు పట్టాడు. ఇప్పుడు చెప్పండి, టిక్కు ఎక్కడ పెట్టాలి? మా పంతులు అన్నిట్లోనూ పెట్టాడు. "అన్నిట్ల ఉన్నది గదా!" ఏ భాషలో ఉన్నదన్నది వేరే గడి అట, ఫోన్ తెర వెడల్పు చాలక తీసేశాడట.

హక్కులు అమ్మేవాళ్ల లెక్క వేరు. ఒకే సినిమాను భాషలవారీగా విడగొట్టి అమ్మితే డబ్బు ఎక్కువ వస్తుంది. వ్యాపారం కాబట్టి తప్పు పట్టను. కానీ అలా విడగొట్టిన సరుకును పట్టుకుని 'ఏ దుకాణంలో మేలు' అని మార్కులు వేసే పెద్దమనుషులను చూస్తేనే నవ్వొస్తుంది. దుకాణాలు పోల్చదగ్గట్టుగా లేకపోవడమే అక్కడి వ్యాపార రహస్యం.

హెచ్‌బీఓ సంగతి తీసుకోండి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఉందని హాట్‌స్టార్‌కు ఏడాది చందా కట్టినవాళ్లకు 2023 మార్చి 31తో ఆ సరుకంతా ఖాళీ అయింది. జియోసినిమా దాన్ని తెచ్చుకుని మే నెలలో ఏడాదికి 999 అంది. ఏడాది తిరక్కుండానే, 2024 ఏప్రిల్‌లో, నెలకు 29 ఇస్తే చాలంది. పన్నెండు నెలలకు 348. ముందుగా 999 పోసిన తెలివైనవాళ్ల ముఖాలు చూడాల్సింది అప్పుడు. ఆ తర్వాత 2025 ఫిబ్రవరి 14న, ముహూర్తం చూసుకుని మరీ ప్రేమికుల రోజున, జియోసినిమా హాట్‌స్టార్ మెడలో తాళి కట్టింది. పేరు జియోహాట్‌స్టార్. డ్రాగన్లు తిరిగి పాత గూటికే వచ్చాయి. ఈ రెండేళ్లలోనూ కోట కదల్లేదు, రాజు మారలేదు, చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉన్నారు, మనం మాత్రం మూడు బోర్డుల కింద నిలబడి డబ్బు కట్టాం. పంతులు దీన్ని 'మార్కెట్ డైనమిక్స్' అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కలిగే తృప్తి ఏ సినిమా చూసినా కలగదు.

అదే జియోసినిమా 2023లో ఐపీఎల్ ఉచితంగా చూపించింది. ఆ ఏడాది పట్టికలో దానికి పదికి పది. 2025కు వచ్చేసరికి జియోహాట్‌స్టార్‌గా మారి కొద్ది నిమిషాలు రుచి చూపించి, టాపార్డర్ కుదురుకునే వేళకు చందా అడిగింది. 2016లో ఏడాదికి 499తో మొదలైన అమెజాన్ ప్రైమ్, 2021 డిసెంబరుకు 1,499 అయింది. 2025 జూన్ 17 నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు. అవి వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699. ప్రకటనలు లేకుండా చూద్దామనే గదా కేబుల్ కనెక్షన్ పీకించింది! పంతులుకు ఇందులోనూ మేలు కనబడింది: పట్టికలో కొత్త గడి వచ్చింది.

ఇక ఇంటి సంగతి. పంతులమ్మకు కావలసింది స్టార్ మా సీరియల్. టీవీలో సాయంత్రం వచ్చే ఎపిసోడ్ హాట్‌స్టార్‌లో పొద్దున్నే చూపిస్తామంటే డబ్బు కట్టించింది. ఎదురింటావిడ రాత్రి ఏడ్చేదానికి ఈవిడ పొద్దున టిఫిన్ వేళకే ఏడ్చేస్తుంది. ఆ పన్నెండు గంటల ముందస్తు కన్నీటి విలువ ఎంతో ఏ పట్టికలోనూ చూడలేదు, కానీ నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన డబ్బుకు పూర్తి ఫలం పొందుతున్నది ఆవిడ ఒక్కతే. తాతకు 'మాయాబజార్' కాలం నాటి సినిమాలు కావాలి. ఆయన యూట్యూబ్‌లో షాలిమార్, వోల్గా వాళ్ల చానళ్లు తిప్పుకుంటూ, చందా అనే మాట వినకుండానే, పంతులు కంటే ఎక్కువ సినిమాలు చూస్తాడు.

2025 మార్చి 1 సాయంత్రం పంతులు ఇంట్లో ఇంకో తమాషా జరిగింది. 'సంక్రాంతికి వస్తున్నాం' జీ5లో వస్తుందని ముందే చందా సిద్ధం చేసుకున్నాడు. అదే సాయంత్రం జీ తెలుగు చానల్లోనూ వేశారు. ఎదురింట్లో కేబుల్ టీవీ ముందు పదిమంది చేరి పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు గోడ దాటి వచ్చి పంతులు సౌండ్‌బార్‌ను మింగేసింది.

అసలు తెలుగువాడు యాప్ ఎప్పుడు కొంటాడు? గ్రంథాలయం చూసి కాదు, ఒక్క పుస్తకం చూసి. అల్లు అరవింద్, మైహోమ్ గ్రూపు కలిసి 'ఆహా'ను 2020 ఉగాది నాడు, అంటే లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే, జనం ముందుకు తెచ్చినప్పుడు ఏడాది చందా 365, రోజుకో రూపాయి. వందశాతం తెలుగు అన్నారు, రెండేళ్లకు తమిళమూ తెచ్చారు, అది వేరే సంగతి. మనవాళ్లలో చాలామంది దాన్ని వేయించుకున్నది మాత్రం 2021 నవంబరులో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్' మొదలయ్యాక. ఈటీవీ విన్ పేరు తెలియనివాళ్లు కూడా 2024 సంక్రాంతికి '90స్' కోసం వెతుక్కుంటూ పోయారు. మధ్యతరగతి తండ్రి ప్రతి రూపాయికీ లెక్క చూసుకునే కథను చూడటానికి, ప్రతి రూపాయికీ లెక్క చూసుకునే మధ్యతరగతి తండ్రి చందా కట్టాడు. ఒక్క సిరీస్ కోసం కట్టాడు, చూశాడు, అయిపోయింది. ఆ నెలే ఆపేస్తే అంతకన్నా గిట్టుబాటు బేరం లేదు. ఆపకుండా ఉండటానికే ఏడాది ప్లాన్లు, బ్రాడ్‌బ్యాండ్‌తో జతలు, రీచార్జితో కానుకలు పెట్టారు. పంతుళ్లు వాటినే 'బెస్ట్ వ్యాల్యూ' అని పైకెత్తి ఊరేగిస్తున్నారు. కంపెనీలు జీతం ఇవ్వక్కర్లేని ఏజెంట్లు.

సినిమా ఎప్పుడొస్తుందో కూడా యాప్ చేతిలో ఉండదు. 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చుని, పెద్ద సినిమా థియేటర్లో పడ్డ ఎనిమిది వారాలకు గానీ ఓటీటీకి ఇవ్వమన్నారు. 'పుష్ప 2' మాట నిలబెట్టుకుంది, డిసెంబరు 5 నుంచి జనవరి 30 దాకా సరిగ్గా యాభై ఆరు రోజులు. 'గేమ్ ఛేంజర్' జనవరి 10న వచ్చి ఫిబ్రవరి 7కే ఇల్లు చేరింది, ఇరవై ఎనిమిది రోజులకు. థియేటర్లో సినిమా మొదలుకాక ముందే తెర మీద ఓటీటీ వాడి పేరు పడుతుంది. టికెట్ కొన్నవాడికి 'తొందరపడ్డావు నాయనా' అని చెప్పినట్టు.

ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగ్‌లో బుకింగ్ కోసం ఎదురుచూసే డ్రైవర్లను ఈ పట్టిక గురించి అడగండి. సీటు వెనక్కి వాల్చి, ఫోన్ స్టీరింగ్‌కు ఆనించి చూసేవాళ్లు వాళ్లు. వాళ్లకు 4కే అక్కర్లేదు, నాలుగు తెరలు అక్కర్లేదు. రెండే ప్రశ్నలు: "ఇంట్ల వైఫైల డౌన్‌లోడ్ జేసుకుంటే ఈడ నెట్ లేకున్న ఆడుతదా? పాసింజర్ వచ్చి ఆపితే, మల్ల ఆడికెల్లే మొదలైతదా?" 149 రూపాయల నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ వాళ్లకు చాలు. కావలసిన నెల వేయించుకుంటారు, లేని నెల మానేస్తారు. వాళ్లెవరూ ఎవరికీ సలహా ఇచ్చినట్టు వినలేదు.

పట్టిక తర్కాన్ని చివరిదాకా లాగితే ఎక్కడ తేలుతుందో 2025 నవంబరులో చూశాం. పైరసీ సైటు ఐబొమ్మను నడిపాడన్న ఆరోపణతో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో కొందరు ఆయనను పేదల పాలిటి దేవుణ్ని చేశారు. ఆ సైటు జనాన్ని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించేదని పోలీసులు చెప్పినా భక్తి తగ్గలేదు. తగ్గదు కూడా. విలువ అంటే సరుకును ధరతో భాగించడమే అని నేర్పాక, ధర సున్నా అయితే విలువ అనంతం. దొంగ సరుకుకు పదికి పది మార్కులు వేసింది పేదరికం కాదు, ఈ భాగహారం. టికెట్ ధరలు మండిపోతున్నాయన్న కోపం వేరు, దానికి న్యాయం ఉంది. ఆ కోపంతో మన యూపీఐ ఉన్న ఫోన్‌లోకి బెట్టింగ్ వాణ్ని పిలవడం మాత్రం నాకు అర్థం కాలేదు.

మొన్న టీ కొట్టు దగ్గర పంతులు ఫోన్ టింగుమంది. రిజర్వు బ్యాంకు పుణ్యమా అని, ఆటోపేలో డబ్బు కోసే ముందు ఒక రోజు గడువిచ్చి మెసేజి పంపాలి. ఆయన దాన్ని చదవకుండానే పక్కకు తోసి పట్టిక తెరిచాడు. నేను గుచ్చి అడిగితే లెక్క చెప్పాడు: నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ఏడాదికి 5,988, ప్రైమ్ 1,499, దానికి ప్రకటనల మినహాయింపు 699, జియోహాట్‌స్టార్ ప్రీమియం పాత ధరకే 1,499. మొత్తం 9,685. ఆహా, జీ5, ఈటీవీ విన్ అదనం.

"ఇన్ని ఎందుకే?" అన్నాను.

"ఏది తీసెయ్యాల్నో తేల్చాలంటే అన్నీ ఉండాలె గదన్నా" అన్నాడు పంతులు.