డిలీట్ ఎలిమెంట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

డిలీట్ ఎలిమెంట్: ఎలిమెంటును తొలగించును. ఇన్‌పుట్: ఐడీ, స్ట్రింగు. డిస్ట్రక్టివ్ హింట్: ఫాల్స్.

అవతారిక

ఒక సంస్థలో ఏ పని ఎవరు చేస్తారు, అందుకు ఏ అప్లికేషన్ వాడతారు, ఆ అప్లికేషన్ ఏ సర్వర్ మీద నడుస్తుంది అన్నదంతా పెట్టెలూ బాణాలతో గీసిపెట్టే విద్యకు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ మోడలింగ్ అని పేరు. అలాంటి బొమ్మల భాషల్లో ఒకటి ఆర్కిమేట్. దాన్ని గీయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఆర్కీ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, ఇలాంటి సాఫ్ట్‌వేర్లను ఏఐ ఏజెంట్ల చేతికివ్వడం సులువైంది. మనిషి మౌస్‌తో చేసే ఒక్కో పనినీ ఒక్కో టూల్‌గా మార్చి ఏజెంటుకు అందిస్తారు. ఆ టూల్ లోపలి కోడ్ ఏజెంటుకు కనబడదు. పేరు, వివరణ, ఇన్‌పుట్ల స్కీమా, వీటిని చదువుకుని పనిలోకి దిగుతుంది. పై సూత్రం అలాంటి వివరణే. కర్త ఎవరో తెలియదు గాని, శైలిని బట్టి శుక్రవారం సాయంత్రపు రచన అని నా ఊహ.

ప్రతిపదార్థం

ఎలిమెంటును = కస్టమర్ డేటాబేస్ మొదలగు పెట్టెను; తొలగించును = లేకుండ జేయును, ఎచ్చటినుండి యన్నది చెప్పలేదు; ఐడీ = గుర్తింపు సంకేతము, ఎచ్చట లభించునో చెప్పలేదు; స్ట్రింగు = అక్షరముల వరుస, ఏ అక్షరములైనను సరే యనుట మూలకర్త ఔదార్యము.

అన్వయం: స్పష్టం.

తాత్పర్యం: అస్పష్టం. ఎందుకో విన్నవిస్తాను.

ఆర్కీలో తొలగింపు రెండు రకాలు. వ్యూ నుంచి, అంటే ఒక బొమ్మ నుంచి, తీసేస్తే పెట్టె ఆ ఒక్క బొమ్మలోంచే పోతుంది. ఎలిమెంటు మాత్రం ఆ బొమ్మలన్నిటికీ ఆధారమైన మోడల్‌లో భద్రంగా ఉంటుంది. మోడల్ నుంచి తీసేస్తే అది కనిపించే ప్రతి బొమ్మలోంచీ పోతుంది. పోతూ పోతూ తనకు తగిలివున్న సంబంధాలన్నిటినీ వెంట తీసుకుపోతుంది. మన సూత్రం చేసేది ఈ రెండోది. ఆ ముక్క అందులో లేదు.

ఇప్పుడు ఆర్కిటెక్టుగారు ఏజెంటుతో అంటారు: “ఈ బొమ్మ మరీ కిక్కిరిసిపోయింది, కస్టమర్ డేటాబేస్ తీసెయ్.” ఏజెంటు చూస్తుంది. “తొలగించును” అన్న టూల్ కనబడింది. ఐడీ దొరికింది. పిలిచింది. బొమ్మ శుభ్రపడింది. మిగతా బొమ్మలూ శుభ్రపడ్డాయి. “పని పూర్తయింది” అని వినయంగా జవాబిచ్చింది.

శంక: అంత తెలివైన ఏజెంటు ఒక మాట అడగకూడదా?

సమాధానం: అడగాలంటే ముందు అనుమానం రావాలి. కొత్తగా చేరిన కుర్రాడికి డిలీట్ నొక్కబోతుంటే చెయ్యి వణుకుతుంది, పక్క సీటాయన కేసి చూస్తాడు. ఏజెంటుకు పక్క సీటు లేదు, ఉన్నదల్లా ఆ ఒక్క వాక్యం. ఆ వాక్యంలో రెండో అర్థానికి చోటే లేనప్పుడు అనుమానం ఎక్కడినుంచి పుడుతుంది?

మరొక శంక: అయితే ఆర్కిమేట్ స్పెసిఫికేషన్ మొత్తం వివరణలోకి ఎక్కించేద్దామా?

సమాధానం: వద్దు. టూల్ వివరణలన్నీ సంభాషణతోపాటు ఏజెంటు కాంటెక్స్ట్‌లో చోటు తింటాయి. పదకొండు రకాల సంబంధాల లక్షణాలూ డిలీట్ టూల్‌లో వర్ణిస్తే చదివేవాడికి ఖర్చే తప్ప ఫలం లేదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మన మెదక్ సీమ పండితుడు, కొలచల మల్లినాథసూరి రెండు నియమాలు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. టూల్ వివరణకు కోడే మూలం. కోడ్ చేయనిది రాయకూడదు. కాని మన సూత్రకర్త రెండో నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే, అక్కరున్నదీ చెప్పలేదు.

పరిష్కృత పాఠం

డిలీట్ ఎలిమెంట్ ఫ్రమ్ మోడల్: ఎలిమెంటును మోడల్ నుంచి తొలగిస్తుంది. అది అన్ని వ్యూల నుంచీ పోతుంది, దాని సంబంధాలూ పోతాయి. ఒక్క బొమ్మలోంచే తీయాలంటే రిమూవ్ ఫ్రమ్ వ్యూ వాడాలి. ఐడీని ఫైండ్ ఎలిమెంట్ ఫలితంలోంచి తీసుకోవాలి. పేరును ఐడీగా ఇవ్వకూడదు, ఒకే పేరుతో రెండు ఎలిమెంట్లు ఉండవచ్చు.

చివరి వాక్యం అదనం అనుకునేరు. బిల్లింగ్ అన్న పేరుతో ఒక బిజినెస్ ప్రాసెస్, ఒక అప్లికేషన్ కాంపొనెంట్ ఒకే మోడల్‌లో పక్కపక్కనే కాపురం చేయడం సర్వసాధారణం.

అలంకారం

2025 మార్చి నాటి ప్రోటోకాల్ పాఠంలో టూల్స్‌కు కొన్ని సూచనలు తగిలించే వీలు వచ్చింది. అందులో డిస్ట్రక్టివ్ హింట్ ఒకటి. మార్పులు చేసే టూల్ ఈ సూచన ఇవ్వకుండా ఊరుకుంటే దాన్ని విధ్వంసకరమనే ఎంచాలని నియమం. అంటే మూలకర్త ఏమీ రాయకపోయినా మేలే జరిగేది. కాని ఆయన శ్రమపడి ఫాల్స్ అని రాశాడు. ఉన్న గుణాన్ని కాదని కప్పిపుచ్చడం చేత ఇది అపహ్నుతి. పైగా ఇవి సూచనలే గాని హామీలు కావనీ, టూల్స్‌ను అందించే సర్వర్ నమ్మదగినదైతే తప్ప నమ్మవద్దనీ ప్రోటోకాలే చెబుతోంది.

మన సూత్రమున్న సర్వర్‌లోనే, సంబంధాలు గీయడానికి క్రియేట్ రిలేషన్‌షిప్ అని ఇంకో సూత్రం ఉంది. సర్వింగ్ అనే సంబంధపు బాణం సేవ చేసేదాని నుంచి సేవ పొందేదానికి వెళ్లాలి. సోర్స్ ఏది, టార్గెట్ ఏది అన్నది అక్కడా చెప్పలేదు. దాని వ్యాఖ్య మరో విడత. అందాకా ఏజెంటుకు మోడల్ అప్పగించేవారు దయచేసి ముందుగా ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి.