పేటెంటు వచ్చిందని చెప్పుకునే విధానం

కాలేజీలో కొత్తగా చేరిన మాస్టార్లకూ, ప్రమోషన్ ఫైలు చంకలో పెట్టుకుని తిరిగే పాత మాస్టార్లకూ ఈ నాలుగు ముక్కలు. దరఖాస్తు పడిందంటే పేటెంటు వచ్చినట్టే. ముందు ఇది నమ్మండి. మధ్యలో ఎగ్జామినర్ అనే మనిషి ఉంటాడని, అభ్యంతరాలు రాస్తాడని, వాటికి జవాబు చెప్పాలని ఎవరైనా అంటే వాడికి మీ ఎదుగుదల గిట్టడం లేదన్నమాట.

మామూలుగా అయితే దరఖాస్తు వేసిన 18 నెలలకు గానీ పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవదు. అంతదాకా ఆగితే అప్రైజల్ దాటిపోతుంది. ఫారం 9 పడేయండి, నెలలోపే అచ్చవుతుంది. జర్నల్ శుక్రవారం వస్తుంది కనుక శనివారం పొద్దున్నే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టేయొచ్చు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని స్టాఫ్ రూములో ఎవరో గొణుగుతారు, పట్టించుకోవద్దు. ఫారం 18 జోలికి మాత్రం పోకండి. పరీక్షించమని అడిగే ఫారం అది. అడిగితే నిజంగానే పరీక్షిస్తారు. 2024లో నిబంధనలు మార్చాక, 31 నెలల్లోగా అడగకపోతే దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. పోనీయండి, అప్పటికి ప్రమోషన్ వచ్చేసి ఉంటుంది.

అచ్చయిన పేజీ దగ్గర కాస్త పనితనం కావాలి. పైన (12) పక్కనే ‘పేటెంట్ అప్లికేషన్ పబ్లికేషన్’ అని ఇంగ్లీషులో మూడు మాటలుంటాయి. జిరాక్సు తీసేటప్పుడు నడిమి మాట మీద చిన్న తెల్లకాగితం ముక్క అడ్డం పెట్టండి. (21) దగ్గర దరఖాస్తు నంబరు ఉంటుంది: మొదటి నాలుగంకెలు సంవత్సరం, ఐదోది ఆఫీసు, ఆరోది దరఖాస్తు రకం, మిగతా ఆరూ వరస సంఖ్య. మన రెండు రాష్ట్రాలవీ చెన్నైకి వెళ్తాయి కనుక ఐదో అంకె 4. బయోడేటాలో దీన్నే ‘పేటెంట్ నంబర్’ అని వేయండి. పేటెంటు ఇచ్చాక వేరే నంబరు వేస్తారని, అది ఇంతకన్నా పొట్టిగా ఉంటుందని సెలక్షన్ కమిటీలో ఎవరికీ తట్టదు. నంబరు చివర ‘ఎ’ అని ఒక అక్షరం వేలాడుతుంటుంది, ఇది ఇంకా దరఖాస్తేనని చెప్పే గుర్తు. అచ్చుతప్పనుకుని కొట్టేయండి. అమెరికాలోనూ ఇదే గొడవ: 2001 నుంచి దరఖాస్తు అచ్చయితే ‘ఎ1’, పేటెంటు ఇచ్చాక ‘బి1’ లేదా ‘బి2’. వ్యాసంలో ఉదహరించేటప్పుడు ఈ తోకలన్నీ కత్తిరించి అంకెలు మిగల్చండి. దేశం పేరు, తేదీ కూడా దండగే. చదివేవాడు వెతుక్కోవద్దూ!

(72) దగ్గర కనిపెట్టినవాళ్ల పేర్లు రాయాలి. ప్రిన్సిపాల్, హెచ్ఓడీ, కరస్పాండెంటు గారి అబ్బాయి. చోటు మిగిలితే పని చేసిన కుర్రాడు.

విదేశాల మీద మోజుంటే డబ్ల్యూఓతో మొదలయ్యే నంబరు పట్టండి. అది పీసీటీ ఒప్పందం కింద వేసిన దరఖాస్తు, అంతే. ప్రపంచమంతటా చెల్లే పేటెంటు ఇచ్చే ఆఫీసు భూమ్మీద ఎక్కడా లేదు. అయినా సన్మానసభలో ‘ప్రపంచ పేటెంటు’ అంటే పడే చప్పట్లే వేరు. ఇదివరకు ఆస్ట్రేలియాలో ఇన్నొవేషన్ పేటెంటు అని ఉండేది, సరుకు పరీక్షించకుండానే పత్రం చేతిలో పెట్టేవారు. 2021 ఆగస్టులో కొత్తవి ఆపేసి మనవాళ్ల పొట్ట కొట్టారు. ఇప్పుడు బ్రిటన్ డిజైన్ రిజిస్ట్రేషనే గతి. అది వస్తువు రూపానికి ఇచ్చేది, ఆ వస్తువు పని చేస్తుందా లేదా అన్నది వాళ్లకు పట్టదు. దాన్నే ‘యూకే పేటెంట్’ అనండి.

ఇతరుల పేటెంటును ఉదహరించేటప్పుడు క్లెయిముల దాకా పోవద్దు, శీర్షిక చాలు. ‘అమెరికావాడు మన పసుపును పేటెంటు చేసుకున్నాడు’ అన్న వాక్యానికి ఎంత పౌరుషముందో చూడండి. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి వచ్చిన 5,401,504 నంబరు పేటెంటు పసుపు మీద కాదు, గాయం మానడానికి పసుపు వాడే పద్ధతి మీద. మన సీఎస్ఐఆర్ తిరిగి పరీక్షించమని అడిగి, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో 1953లో వచ్చిన వ్యాసంతో సహా పాత ఆధారాలు ముందు పెట్టింది. 1997లో అమెరికా ఆఫీసు దాన్ని కొట్టేసింది. ఇదంతా రాస్తే పౌరుషం చల్లారుతుంది. కనుక ఏ పేటెంటునైనా ‘ఇప్పుడు అమల్లో ఉందా?’ అని వెతక్కండి.

ఒక్క జాగ్రత్త. ఫైల్లో ఏం రాసుకున్నా, అమ్మే సరుకు డబ్బా మీద ‘పేటెంటెడ్’ అని అబద్ధం వేయకండి. పేటెంటు చట్టం 120వ సెక్షన్ ఒప్పుకోదు. ఇదివరకు జరిమానా లక్ష రూపాయల దాకా ఉండేది, 2023 నాటి జన్ విశ్వాస్ చట్టంతో 10 లక్షలకు పెరిగింది. మీకు ఆ భయం అక్కర్లేదనుకోండి. అమ్మాలంటే ముందు ఆ పరికరాన్ని తయారుచేయాలి కదా.