పదునైదు గుర్రములు

పరకాయ ప్రవేశ విద్య ఆదిశంకరులతోనే అంతరించినదని నేనిన్నాళ్లు భ్రమపడి యుంటిని. మరణించిన రాజు దేహమున యతి ప్రాణము ప్రవేశించిన కథను మన పెద్దలు చెప్పినంత గాంభీర్యముతోడనే, నా మేనల్లుడు తన పాత మారుతి జిప్సీ పొట్టలోనుండి 970 సి.సి. ఇంజనును వెలికిదీసి, వెనుకనుండి లారీ గుద్దగా తుక్కులో చేరిన యొక ఎస్టీము కారు తాలూకు 1298 సి.సి. ఇంజనును అందు ప్రతిష్ఠింపజేసిన వృత్తాంతమును నాకు వినిపించిన పిమ్మట, ఆ విద్య విజయవాడ ఆటోనగరులో నేటికిని రోజుకూలికి దొరకుచున్నదని గ్రహించితిని.

ఈ మార్పిడితో నాకు పేచీ లేదు. 45 గుర్రముల శక్తితో మిట్టలెక్కుచు రొప్పుచుండిన బండికి 80 గుర్రములు కట్టుట న్యాయమే. కంపెనీవారే 2000 సంవత్సర ప్రాంతమున ఆ పదునారు వాల్వుల ఇంజనును జిప్సీలో పెట్టి అమ్మిరి. మార్చిన ఇంజను సంఖ్యను ఆర్.సి.లో ఎక్కించుటకై అతడు రవాణా కార్యాలయపు మెట్లు అరుగదీసినాడు. అందులకు మెచ్చుకొంటిని కూడ. నా పేచీ గొట్టముల దగ్గర మొదలగుచున్నది.

ఎస్టీములో ఇంజను అడ్డముగా కూర్చుండును, జిప్సీలో నిలువుగా కూర్చుండును. కావున ఎస్టీముతో వచ్చిన పొగగొట్టముల మానిఫోల్డు ఇచట ఇముడదు, వేరొకటి కావలసినదే. ఆటోనగరు మేస్త్రి బీడీ ఆర్పి ఒక్కమాటలో దారి చూపెను: "కింగ్ జిప్సీది పోత మానిఫోల్డు పాతసామాను కొట్లో దొరుకుద్దండీ. ఇదే ఇంజను, ఇదే నిలువు. రెండువేలో, మూడువేలో. బిగించుకుని పోదురుగాని." నా మేనల్లుడు ఆయనవంక, వేదము చదివినవాడు వానాకాలపు చదువరిని చూచునట్లు చూచి, "పోత ఇనుము పెట్టుకోవడానికేనా మామయ్యా, నేనింత కష్టపడింది?" అని నన్నడిగెను. వారము తిరుగకముందే 22,000 రూపాయలు పోసి, అద్దమువలె మెరయు స్టీలు హెడర్ ఒకటి తెప్పించెను.

దాని వెంట వచ్చిన వాగ్దానము, పదునైదు గుర్రములు పెరుగును అనునది. ఏ ఇంజనుపై పెరుగును, ఎన్ని చుట్ల వద్ద పెరుగును, ఆ కొలత చక్రముల వద్ద తీసినదా, ఇంజను కొనవద్ద తీసినదా, లేక అమ్మకపువాని నాలుక కొనవద్ద తీసినదా యను వివరము మాత్రము పెట్టెపై గాని, లోపలి కాగితముపై గాని లేదు. పిల్లకు సంబంధము చూచునపుడు నక్షత్రము, గోత్రము, మేనరికము, చివరకు వియ్యపురాలి నోరు కూడ విచారించు వంశమున పుట్టిన కుర్రవాడు, ఇంజనుకు గొట్టము చూచునపుడు మెరుపు నొక్కదానిని చూచి తాంబూలములు పుచ్చుకొనెను.

ఆ గొట్టములు చేయవలసిన పని యేమన: ఎగ్జాస్టు వాల్వు తెరచుకొనగానే పొగతోబాటు ఒక పీడనతరంగము గొట్టమున పరుగిడి, గొట్టములు కలిసికొను సంగమస్థానమును తాకి, అచటనుండి చూషణతరంగమై వెనుకకు మరలును. అది లోనికి తెచ్చు వాల్వును, బయటికి పంపు వాల్వును రెండును ఒక్క క్షణము తెరచియుండు ఘడియకు సరిగా చేరెనా, మిగిలిన పొగను ఊడ్చివైచి క్రొత్త ఇంధనమునకు త్రోవ చేయును; ముందు చేరినను, వెనుక చేరినను ఆ శ్రమ వ్యర్థము. ఇది ముహూర్తము వంటిది, గొట్టము పొడవే దానికి పంచాంగము. గొట్టములు వంచువారు వాడుకొను ఒక స్థూలగణితమును పట్టి చూడగా, ఇట్టి ఇంజనుకు 6000 చుట్ల వద్ద లాభము కావలెనన్న ఒక్కొక్క గొట్టము సుమారు 30 అంగుళములుండవలెను. కొండలెక్కుటకై కొన్న బండి గనుక 3000 చుట్ల వద్దనే లాభము కావలెనన్న 60 అంగుళములు దాటవలెను. అనగా ఐదేసి అడుగుల గొట్టములు నాలుగు, చుట్టలు చుట్టుకొన్న కొండచిలువలవలె బానెట్టు క్రింద పవ్వళింపవలెను. మావాడు కొన్నదానికి, టేపుతో కొలువగా, సంగమమువరకు అడుగున్నరయే. అదే లెక్కను తిరుగవేసితిమా, ఆ గొట్టములకు శుభముహూర్తము 9000 చుట్ల పైన వచ్చును. ఆ వేగమున ఆ ఇంజను జిప్సీలో కాదు, పరలోకమున నుండును.

ఈ మాట చెప్పగా అతడు బ్యాక్ ప్రెషర్ ప్రసక్తి తెచ్చెను. ఈ విషయమున రెండు మతములు కలవు. ఇంజనుకు వెనుకొత్తిడి ఉండితీరవలెనని ఒకరు, లేశమును ఉండరాదని మరియొకరు, ద్వైతాద్వైతులవలె టీకొట్ల వద్ద తర్కించుకొందురు. ఇంజనుకు ఒత్తిడిపై మమకారమే లేదు. దానికి కావలసినది పొగ వేగము. గొట్టము మరీ లావైనచో వేగము చచ్చును, మరీ సన్నమైనచో ఒత్తిడి పెరుగును. ఇంత చిన్న సత్యమునకు మతస్థాపకుడు దొరకకపోవుట దాని దురదృష్టము.

ఇక బిగింపు. పెట్టెపై 'నేరుగా బిగించుకొనవచ్చును' అని యుండెను. ఇరువదేండ్ల వేడికి తలతో ఏకమైపోయిన స్టడ్డు ఒకటి మొదటి పూటనే విరిగెను; దానిని గ్యాసుమంటతో కాల్చి, నూనె పోసి, నట్టు అతికి త్రిప్పి తీయుటకు ఒక రోజు. వెల్డింగు వేడికి వంకరబోయిన హెడర్ ఫ్లాంజిని సానపట్టి చదును చేయుటకు ఒక రోజు. ఒక గొట్టము ఇంజను మౌంటుకు తగులుటచే దానిని కోసి, త్రిప్పి, అతుకుటకు రెండు రోజులు. 'నేరుగా' అను పదమునకు ఇన్ని వంకరలుండునని నిఘంటుకారులకు తెలియదు. అన్నియు ముగిసినవని అనుకొనునంతలో, చల్లని ఇంజను మొదలు పెట్టగానే ప్యాకింగు సందునుండి గోడగడియారమువంటి టిక్కుటిక్కు వినవచ్చెను. ఆ సందున పొగ పోవుటయే కాదు, పొగల నడుమ గాలి లోనికిని పోవును. ఆ గాలిని వాసన చూచిన ఆక్సిజన్ సెన్సారు, పెట్రోలు చాలకున్నదని కంప్యూటరునకు చాడీ చెప్పును. అది నమ్మి మరింత పెట్రోలు పోయును. గుర్రములు వచ్చినవో లేదో గాని, వాటి దాణా ఖర్చు మాత్రము మొదటి వారమే వచ్చెను. వేడి ఆపుటకని అతడు చుట్టిన నారపట్టీ, ఆరకుండ వర్షపునీటిని కౌగిలించుకొని గొట్టముల అతుకులకు తుప్పు నేర్పుచుండెను.

పరీక్షకై కొండపల్లి కోట ఘాటు రోడ్డుకు పోయితిమి. హెడర్‌కు తోడుగా సైలెన్సరును గూడ 'ఫ్రీ ఫ్లో' చేసియుండుటచే ఆ ధ్వనికి మర్రిచెట్టు మీది కాకులు లేచిపోయెను. అతడు ఉప్పొంగి, "చూశావా మామయ్యా, ఎలా లాగుతోందో!" అనెను. చేతిగడియారము చూచితిని: అదే ఇంజనుకు మేస్త్రి తాత్కాలికముగా బిగించిన యెరువు మానిఫోల్డుతో మూడవ గేరులో ఎక్కిన మలుపును నేడు రెండవ గేరులో ఎక్కుచుంటిమి. చెవి చెప్పిన వేగమును కాలు నమ్మినది, గడియారము నమ్మలేదు. తిరుగుప్రయాణమున బెంజి సర్కిలు వద్ద కానిస్టేబులు చెవి కూడ సాక్ష్యము చెప్పెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును, దాని 52వ సెక్షనును, కంపెనీ రూపమునకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఆయన ఉటంకింపలేదు గాని, చలానా పుస్తకము తీసెను.

మరుసటి నెల మేస్త్రి పాతసామాను కొట్టునుండి తెచ్చిన కింగు జిప్సీ పోత మానిఫోల్డు, మధ్యాహ్నభోజనమునకు ముందే, ఒక్క గొట్టము కోయకుండ, ఒక్క స్టడ్డు విరుగకుండ కూర్చుండెను. టిక్కుటిక్కు పోయెను. హెడర్‌ను మావాడు అమ్మకమునకు పెట్టెను. గుంటూరునుండి వచ్చిన యువకుడొకడు దానిని రెండు చేతులతో ఎత్తి, ఎండలో త్రిప్పి త్రిప్పి చూచి, "దీనికి ఎన్ని గుర్రాలు పెరుగుతాయన్నా?" అని వినయముగా అడిగెను.

నేను మేనల్లుని ముఖము చూచితిని. వాడు రెప్పయైన వేయక, "పదిహేను" అనెను.