మాదాపూర్‌లో మంచు దారి

నేను స్టీరింగ్‌ని. మాదాపూర్‌లో ఒక మేడమీద గేమింగ్ సెంటర్‌లో, ఇనుప ఫ్రేముకు బిగించి ఉంటాను. ఎదురుగా మూడు తెరలు, కింద పెడళ్లు, పక్కన హ్యాండ్‌బ్రేక్. నా ప్రాణమంతా వెనకున్న మోటారులో ఉంది. తెరమీది కారు చక్రాలకు ఏం తగిలినా పట్టుకున్న చేతులకు ఆ క్షణంలోనే చెప్పడం నా పని.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఉంటూ నేను ఎక్కువగా చెప్పేది మంచు సంగతి. రాత్రి షిఫ్టు దిగి గచ్చిబౌలి, రాయదుర్గం నుంచి వచ్చే కుర్రాళ్లు స్వీడన్ ర్యాలీయే కావాలంటారు. అడవి దారుల్ని స్టేజీలుగా విడగొట్టి, కార్లను కాస్త ఎడంతో ఒక్కొక్కటిగా వదులుతారు. ఎవరికి తక్కువ సమయం పట్టిందన్నదే లెక్క. 1950లో ఎండాకాలపు పోటీగా మొదలైన ఈ ర్యాలీ 1965లో చలికాలానికి మారింది. ఒక్కో టైరులో టంగ్‌స్టన్ మొన ఉన్న మేకులు వందల్లో ఉంటాయి. అవి పొడిమంచు కింద గడ్డకట్టిన నేలను కరుచుకుంటాయి. అందుకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అతి వేగమైన ర్యాలీల్లో ఇదొకటి. కొత్తగా మంచు కురిసిన రోజున ముందు వెళ్లే కారుకే కష్టం. అది దారి ఊడ్చుకుంటూ పోవాలి. దాని వెనక వచ్చేవాళ్లకు గట్టి నేల దొరుకుతుంది. దారి అంచున పేరుకున్న మంచుగట్టుకు కారు వెనక భాగాన్ని ఆనించి మలుపు తిరిగే ఘనులున్నారు. గట్టు మెత్తగా ఉందో, కారు అందులోనే కూరుకుపోతుంది.

ఆదిలాబాద్ కుర్రాడొకడు వస్తాడు. చలి తెలిసినవాడు, మంచు చూడనివాడు. మొదట్లో నన్ను పిడికిళ్లు బిగించి పట్టుకునేవాడు. ముందు చక్రాలు పట్టు తప్పగానే నేను తేలికైపోతాను. చెయ్యి కాస్త వెనక్కి తియ్యమని నేనిచ్చే కబురు అది. వాడు ఇంకా తిప్పేవాడు, కారు తిన్నగా వెళ్లి చెట్లలో దూరేది. పట్టు పోయిందని తెలిశాక కూడా బిగించే చేతికి నేర్పడం చాలా కష్టం. నెమ్మదిగా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎడమ మలుపు రాకముందే నన్నొకసారి కుడికి విదిలిస్తాడు. కారు బరువు ఊగగానే ఎడమకు వదిలేస్తాడు. స్కాండినేవియన్ ఫ్లిక్ అంటారు దాన్ని. వాడి చేతుల్లో అది మొదటిసారి కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

పక్క కుర్చీలో వాడి దోస్తు కూర్చుంటాడు. గేములోని ఇంగ్లిష్ గొంతు ఆపేసి, రాబోయే మలుపుల్ని ముందే చెప్పే పేస్ నోట్స్ తానే చదువుతాడు: "కుడి నాలుగు, వంద మీటర్లు, గట్టెక్కంగనే ఎడమ మూడు, లోపలికి కొయ్యకు మామా!"

నాలాంటివాళ్లకు ఈ ఊరితో ఇంకో సంబంధం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పోటీ జరిగింది. 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. అంతకుముందు ఆ ఛాంపియన్‌షిప్ ఎన్నడూ నడవని దారి అది. డ్రైవర్లు ఇక్కడికి రాకముందే తమ జట్ల సిమ్యులేటర్లలో ఆ మలుపుల్ని చేతులకు అలవాటు చేసుకున్నారు. సచివాలయం పక్కనుంచి సాగిన ఆ పోటీలో జాన్ ఎరిక్ వెర్న్, వెనకే తరుముతున్న నిక్ కాసిడీని చివరిదాకా ఆపి గెలిచాడు. బ్యాటరీలో కాసిడీ కంటే తక్కువ మిగిలినా దారివ్వలేదు. మా ఆదిలాబాద్ కుర్రాడు చూసొచ్చి, ఆ రాత్రి గొంతు బొంగురుపోయేదాకా దాని గురించే మాట్లాడాడు.

2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. స్వీడన్ ర్యాలీ కూడా 1990లో వాతావరణం వెచ్చబడి ఆ ఏడాదికి ఆగింది. మంచు పడకపోతే మనిషి చేయగలిగింది లేదు. ఇక్కడ మాత్రం దారి అలాగే ఉంది, చూసే జనమూ ఉన్నారు. ఆ పోటీ మళ్లీ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

దోస్తులిద్దరూ ఇప్పుడు దేశంలో మోటారు పోటీలను చూసుకునే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుని, కోయంబత్తూరు వైపు జరిగే ర్యాలీకి వెళ్లాలని డబ్బు కూడబెడుతున్నారు. అక్కడుండేది మట్టి దారి. మట్టి మంచుకు దగ్గరి చుట్టమే. పట్టు తప్పినప్పుడు చేతులు చేయాల్సిన పని రెండుచోట్లా చాలావరకు ఒకటే, అది వాళ్లకు వచ్చు. కారు పక్కకు జారుతున్నప్పుడు సీటు నడుముకు చెప్పేది మాత్రం నేను చెప్పలేను. నా కుర్చీ కదలదు. దానికి వాళ్లు నిజం కారు ఎక్కాల్సిందే, త్వరగా ఎక్కాలి.