ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్... యాక్షన్!

ఎపిసోడ్ గంటన్నర. అందులో డాన్సు వాటా ఎంతో తేల్చడానికి స్టాప్‌వాచీ అక్కర్లేదు. లేచి వెళ్లి పప్పుకి పోపు పెట్టి వచ్చేలోగా అయిపోతుంది. మిగిలినదంతా నటనే. కుర్రాడు స్టేజీకి నుదురానించి దండం పెట్టాలి. జడ్జిగారు కుర్చీలోంచి లేచి, కూర్చుని, ఆగలేక మళ్లీ లేవాలి. ఇద్దరు మాస్టర్ల మధ్య గొడవ రావాలి. ఒకాయన మైకు విసిరికొట్టి వెళ్లిపోవాలి. ప్రోమోలో అలా వెళ్లిపోయిన పెద్దమనిషి ఎపిసోడ్‌లో ఎక్కడికీ పోకుండా అదే కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాలి. వీటి సందున ఎవరికో ఒకరికి లవ్ ట్రాక్ నడవాలి.

ఇన్ని వారాలు ఇంత సాధన చేసినవాడు సినిమా ఆఫీసు మెట్లెక్కితే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "యాక్టింగ్ వచ్చా తమ్ముడూ?" వచ్చనో రాదనో చెప్పేలోపే రెండోది తగులుతుంది. "సర్లే, ముందు ఓ స్టెప్పేసి చూపించు."

డాన్సు చేస్తానని వెళ్తే నటించమంటారు. నటిస్తానని వెళ్తే డాన్సు చేయమంటారు. కృష్ణానగర్‌లో ఈ రెండు రకాల ఆఫీసులూ ఒకే టీకొట్టు టీ తాగుతాయి గానీ, ఈ సంగతి మాత్రం ఒకరికొకరు చెప్పుకోరు.

టీవీ పోటీలు లేని రోజుల్లో దారి ఒక్కటే ఉండేది. గ్రూపు. మద్రాసులో యూనియన్ కార్డు సంపాదించి, హీరో వెనకాల నాలుగో వరసలో చెయ్యి ఊపుతూ మొదలుపెట్టడమే. అంతటి కమల్ హాసన్ కూడా కుర్రతనంలో తంగప్పన్ మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా చేసినవాడే. ప్రభుదేవా 1993లో 'జెంటిల్‌మన్' సినిమాలో రైలు పాటకు ఒంట్లో ఎముకలున్నాయా అని అనుమానం పుట్టించి, మరుసటేడు 'ప్రేమికుడు'తో ఏకంగా హీరో అయ్యాడు. లారెన్స్ 1997లో 'హిట్లర్'కి, 2002లో 'ఇంద్ర'కి వీణ వాయిస్తున్నట్టు చిరంజీవి చేత స్టెప్పులేయించి, 2004లో 'మాస్'తో డైరెక్టరయ్యి, ఆ తర్వాత 'కాంచన'లో దెయ్యం పట్టించుకుని మరీ జనాన్ని పట్టాడు. వీళ్లెవరినీ స్టేజి మధ్యలో నిలబెట్టి "మీ అమ్మగారు మిమ్మల్ని ఎన్ని కష్టాలు పడి పెంచారు?" అని ఎవరూ అడగలేదు. అడిగుంటే ఇంకో పదేళ్లు ముందుకొచ్చేవాళ్లో, అక్కడే ఆగిపోయేవాళ్లో!

1983లో విశ్వనాథ్‌గారు 'సాగర సంగమం' తీసేనాటికి ఈ షోలు లేకపోవడం ఆ సినిమా చేసుకున్న పుణ్యం. అందులో హీరో బాలు తల్లి పెళ్లిళ్లలో వంటమనిషి. ఒక్క ఈ ముక్క చేతికి దొరికితే చాలు, మనవాళ్లు మూడు ఎపిసోడ్లు లాగేస్తారు. ఆవిడను స్టేజి మీదకు పిలుస్తారు. వట్టి చేతులతో వస్తే ఊరుకోరు, ప్రాపర్టీ కుర్రాడు పరుగెత్తుకెళ్లి ఒక గరిటె తెచ్చిస్తాడు. నూతి అంచున వానలో తాగి తూలుతూ బాలు చేసిన నాట్యానికి "కాన్సెప్ట్ కేక మాస్టర్, కానీ రోప్ కనపడలేదు" అని మార్కులు తగ్గిస్తారు. పైగా ఆ బాలు విమర్శకుడు కూడాను. శైలజ నాట్యం బాగాలేదంటే బాగాలేదని పేపర్లో రాసిపారేస్తాడు. ఇవాళ అలాంటి మనిషిని తెచ్చి జడ్జి కుర్చీలో కూర్చోబెడితే మొదటి యాడ్ బ్రేక్ అయ్యేసరికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉంటాడు.

ఇక డాన్సు షో దారిన సినిమాకెక్కిన తెలుగువాళ్లను లెక్కేస్తే ఒక తమాషా బయటపడుతుంది. 'ఢీ'లో ఏళ్లతరబడి యాంకరింగ్ చేసిన ప్రదీప్ 2021లో '30 రోజుల్లో ప్రేమించటం ఎలా'తో హీరో అయ్యాడు. అదే షోలో టీమ్ లీడర్ సోఫాలో కూర్చుని పంచులేసిన సుడిగాలి సుధీర్ అంతకు ముందే, 2019లో, 'సాఫ్ట్‌వేర్ సుధీర్' అయ్యాడు (అతని పుట్టిల్లు 'జబర్దస్త్' కామెడీ షో అని గొడవకొచ్చేవాళ్లుంటారు, ఒప్పుకున్నాను, ఇది మేనమామ ఇల్లనుకోండి). 'ఆట' నడిపిన ఓంకార్ డైరెక్టరయ్యి 2012లో 'జీనియస్', 2015లో 'రాజుగారి గది' తీశాడు. ఎలిమినేషన్ పేరు చెప్పడానికి అంతంతసేపు ఆగి, కుర్రాళ్ల గుండెలు ఆపిన మనిషి దెయ్యం సినిమా తీయడంలో వింతేముంది? శిక్షణ అక్కడే పూర్తయింది. నేను చెప్పొచ్చేదేమిటంటే, డాన్సు షో నుంచి సినిమాల్లోకి వెళ్లడానికి మన దగ్గర దగ్గరి దారి ఒకటుంది. అది డాన్సు చేయకపోవడం.

"మరి సాయి పల్లవి?" అంటారని తెలుసు. షోలవాళ్లూ ప్రతి ఆడిషన్‌లో అదే అంటారు, క్యూలో నిలబడ్డ అమ్మలూ అదే అంటారు.

నిజమే. నీలగిరుల పిల్ల, 2008లో తమిళంలో విజయ్ టీవీ పోటీలో ఆడింది, ఆ తర్వాత మన 'ఢీ'కొచ్చి ఆడింది. కానీ కథను అక్కడ ఆపి పోస్టర్ వేసుకుంటే కుదరదు. షో అయ్యాక ఆ పిల్ల ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. జార్జియా దేశం వెళ్లి టిబిలిసిలో డాక్టరీ చదువుకుంది. చదువు ఇంకా పూర్తి కాకుండానే 2015లో మలయాళం 'ప్రేమమ్'లో లెక్చరర్ వేషం వేసింది. ముఖం మీద మొటిమలకు మేకప్పు కప్పకుండా వచ్చింది. ఆ సినిమాలో ఆమె కాలేజీ ఫంక్షన్‌కి కుర్రాళ్ల చేత డాన్సు ప్రాక్టీసు చేయిస్తుంది. డాన్సే రాదనుకున్న కొత్త మేడమ్ ఒక్కసారిగా ఒళ్లు కదిపేసరికి ఆ కుర్రాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి, థియేటర్లో మనవీ తెరుచుకున్నాయి. ఆమెకొచ్చిన విద్యను డైరెక్టర్ మొదట దాచి, సమయం చూసి బయటపెట్టాడు. మన షోల్లోనైతే ఎంట్రీలోనే నిప్పులు, పొగ, పైనుంచి పూలు. దాచడానికేం మిగలదు.

2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ భానుమతి తన గొంతుతో తానే మాట్లాడింది. 'వచ్చిండే' పాటకు స్టెప్పులు సమకూర్చింది 'ఢీ' స్టేజీ మీదే పేరు తెచ్చుకున్న శేఖర్ మాస్టర్. ఇదైతే లెక్క సరిపోయింది, షోవాళ్లు గొప్పగా చెప్పుకోవచ్చు. 2018లో వచ్చిన 'మారి 2' పాట, ప్రభుదేవా నేర్పిన స్టెప్పులతో, తర్వాత యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటింది. ఇంత కాళ్ల సత్తా ఉన్న మనిషి 2022లో 'గార్గి' చేసింది. అందులో ఒక్క స్టెప్పు లేదు. నిందపడ్డ తండ్రి కోసం పోలీసుల చుట్టూ లాయర్ల చుట్టూ తిరిగే బడిపంతులమ్మ. కాళ్లకు పనిలేదు, కళ్లకే. నన్నడిగితే ఆమె చేసిన అన్ని పాటలకంటే నాకు అదే ఎక్కువ. కానీ ఈ కథంతా క్యూలో నిలబడ్డ అమ్మలకు చెబితే వాళ్లు పట్టుకునే నీతి వేరేలా ఉంటుంది. మా కాలనీలో ఒకావిడ ఆరో తరగతి పిల్లను పొద్దున నీట్ ఫౌండేషన్‌కీ సాయంత్రం డాన్సు క్లాసుకీ పంపిస్తోంది. హీరోయిన్ అవ్వాలంటే ఎంబీబీఎస్ కంపల్సరీ అట.

మా వీధి చివర బ్లౌజులు కుట్టే ఆవిడ కొడుకు సంగతి ఇలాంటి నీతులకు అందదు. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన ప్రాక్టీసు చేసి చేసి, ఒక టీవీ షోలో సెమీ ఫైనల్ దాకా వెళ్లాడు. ఆ ఎపిసోడ్‌కి తల్లిని పిలిపించారు. ఫ్లోర్ మేనేజర్ ఆవిడ చెవిలో చెప్పాడు, "అమ్మా, బాబు వేసుకున్న డ్రెస్ మీరే రాత్రంతా మేలుకుని కుట్టారని చెప్పండి." ఆవిడ మైకు పట్టుకుని, "ఇది నేను కుట్టలేదండీ, మీవాళ్లే ఎక్కడో అద్దెకు తెచ్చారు. చంకల దగ్గర కుట్టు కూడా సరిగ్గా లేదు" అంది. కట్. రెండో టేకులో కుట్టానంది గానీ ఏడవలేదు. మూడో టేకుకి మాత్రం ఎక్కడ ఎర్రలైటు వెలుగుతోందో కనిపెట్టి, ఆ కెమెరా వైపు తిరిగి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు లేచి నిలబడ్డారు. ఈసారి ఎవరూ లేవమనలేదు, తనంతట తనే.

కొడుకు ఆ వారమే ఎలిమినేట్ అయ్యాడు. "ఇక యాక్టింగే బాబాయ్" అని ఫోటోలు తీయించుకుని ఆఫీసుల మీద పడ్డాడు. ఒకచోట సీను చెప్పారు. టీ తాగుతూ ఉంటావు, ఫోన్ మోగుతుంది, ఊళ్లో నాన్న పోయాడంటారు. అంతే. మాటల్లేవు.

వీడు టీ కప్పు ఎత్తాడు, ఒన్ టూ. పెదవికి ఆనించాడు, త్రీ ఫోర్. ఫోన్ తీశాడు, ఫైవ్ సిక్స్ సెవెన్. ఎయిట్ దగ్గర ఫోన్ గాల్లోకి వదిలి, మోకాళ్ల మీద గది ఈ మూలనుంచి ఆ మూలదాకా జారి, తల పైకెత్తి పొగ కోసం చూశాడు.

"తమ్ముడూ, ఫోన్ ఎందుకు పడేశావ్?"

"బీట్ డ్రాప్ అక్కడే కద్సార్."

"సరే, ఏమీ చెయ్యకు. ఊరికే నిలబడు."

అదే వాడికి చేతకాలేదు. రెండు నిమిషాలు నిలబెడితే ముందు బొటనవేలు లెక్క మొదలెట్టిందట, తర్వాత భుజం. ఖాళీ కనబడితే స్టెప్పుతో నింపమని అన్నాళ్లూ నేర్పారు కదా, కెమెరా ముందు నిశ్శబ్దం కూడా వాడికి పాటలో చరణానికీ చరణానికీ మధ్య మ్యూజిక్ బిట్‌లాగే వినబడుతుంది.

ఓదార్పుగా ఉంటుందని రాఘవ్ జుయాల్ గురించి చెప్పాను. హిందీ 'డాన్స్ ఇండియా డాన్స్' మూడో సీజన్‌లో స్లో మోషన్‌తో దేశాన్ని నోరెళ్లబెట్టించిన డెహ్రాడూన్ కుర్రాడు. తర్వాత యాంకరింగ్ చేశాడు, 2015లో 'ఏబీసీడీ 2'లో ఆడాడు. నటుడని జనం ఒప్పుకున్నది మాత్రం 2024లో, 'కిల్' సినిమాలో. రైల్లో కత్తి పట్టుకుని తిరిగే దోపిడీ దొంగ. చల్లగా నవ్వుతూ చంపుతాడు, స్టెప్పు వెయ్యడు. "చూశావా, డజనేళ్లు పట్టింది" అన్నాను. మావాడు శ్రద్ధగా విని, "విలన్‌కి సిక్స్ ప్యాక్ ఉండాలా బాబాయ్?" అన్నాడు.

చివరికి ఓ సినిమాలో వేషం దొరికింది. హీరో ఫ్రెండ్స్‌లో మూడోవాడు. డైలాగ్ ఉంది, "మామా, వద్దురా." పాట తీసేరోజు హీరో పక్కనే నిలబెట్టారు. మొదటి టేకు కాగానే డాన్స్ మాస్టర్ వచ్చి భుజమ్మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. "తమ్ముడూ, బాగా వేశావు. కొంచెం తగ్గించు. సార్‌కి ఆ మూవ్‌మెంట్ రావట్లేదు, నువ్వేస్తే తెలిసిపోతోంది." రెండో టేకులో తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నారు. నాలుగో టేకులో చెయ్యి సగం లేపి, అడుగు తడబడి, బీటు ఒక ముక్క ఆలస్యంగా అందుకుని, డాన్సు కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా ఎగిరాడు. మానిటర్ దగ్గర డైరెక్టర్ "నేచురల్‌గా ఉంది" అన్నాడట. వాడి జీవితంలో మొదటిసారి నటించింది ఆ టేకులోనే, కానీ క్రెడిట్ డాన్సు ఖాతాలో పడింది.

సినిమా ప్రమోషన్‌కి టీమంతా వాడు సెమీ ఫైనల్ ఆడిన షోకే గెస్టులుగా వెళ్లారు. హీరోగారు తగ్గించిన స్టెప్పు వేశారు, జడ్జీలు పూలు చల్లారు. మావాడి కోసం సర్‌ప్రైజని తల్లిని మళ్లీ తెచ్చారు. ఈసారి ఫ్లోర్ మేనేజర్ చెవిలో ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడే, "బాబూ, క్లోజప్ ఏ కెమెరా?" అని అడిగి, ఒక్క టేకులో ముగించి, దిగిపోతూ యాంకర్ బ్లౌజు వెనక దారం వేలాడుతుంటే పంటితో కొరికి తెంపేసింది. ఆ బిట్టు కూడా ప్రోమోలో వేశారు.

సినిమా వచ్చి వెళ్లింది. నెల తిరక్కుండా ఫోన్ వచ్చింది, మావాడికి కాదు. ఒక డైలీ సీరియల్‌లో హీరోయిన్ తల్లి పాత్ర. నెలకు పదిహేను రోజుల కాల్షీట్లు, కన్వేయన్స్ వేరే. మొన్న మా ఆవిడ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్తే గుమ్మంలో కుర్రాడే ఎదురొచ్చాడు. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో డైరీ.

"అమ్మ షూటింగ్‌లో ఉంది పిన్నీ. ఈ నెల డేట్స్ లేవు, వచ్చే నెల చూద్దాం."