ఏడు బెజ్జాల బెల్టు – ఒక ఆత్మకథ

నడుముకు కట్టుకునే తోలు బెల్టు పని ప్యాంటును జారకుండా పట్టి ఉంచడమే అయినా, ఏళ్ల తరబడి ఒకే మనిషిని అంటిపెట్టుకుని ఉన్న బెల్టు అతని నడుము చరిత్రను, తూకపు యంత్రం చెప్పలేని కొన్ని వివరాలతో సహా, తన తోలు మీదే నమోదు చేసుకుంటుంది. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న బెల్టు 2016లో హైదరాబాదు అబిడ్స్‌లోని ఒక దుకాణంలో అమ్ముడుపోయిన నల్లటి గేదె తోలు బెల్టు; దాని యజమాని అదే ఏడాది ఉద్యోగం మీద అమెరికాలోని డాలస్‌కు వెళ్లిన గుంటూరు ఇంజనీరు. పుట్టినప్పుడు దీనికి అయిదు బెజ్జాలు ఉండేవి, పక్కపక్క బెజ్జాల మధ్య దూరం రెండున్నర సెంటీమీటర్లు. 2022 నాటికి బకిల్ ముల్లు కొసన ఉన్న మొదటి బెజ్జానికి, అంటే 108 సెంటీమీటర్ల దగ్గరికి, చేరుకుంది. దక్షిణాసియా పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతారు గనుక, ఆ బెజ్జం గుండ్రంగా ఉండలేక కోలగా సాగిపోవడం తోలుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. రాత్రి భోజనం కాగానే ముల్లు తీసి బెల్టును పూర్తిగా వదులు చేసుకోవడం యజమానికి అప్పట్లో నిత్యకృత్యం.

2023 జనవరిలో అతనికి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అన్నం తిన్న తర్వాత పేగుల నుంచి వెలువడి, కడుపు నిండిందన్న కబురును మెదడుకు చేరవేసే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరించే ఈ మందు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఆకలిని అణచి ఉంచుతుంది. వారానికి ఒకసారి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకోసారి పెంచుకుంటూ 2.4 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. బెల్టు గమనించిన మొదటి మార్పు నడుము తగ్గడం కాదు, భోజనం తర్వాత వదులు చేసే అలవాటు మాయమవడం. రోజంతా వెంటాడే తిండి ధ్యాస సద్దుమణగడంతో పళ్లెంలో అన్నం తగ్గింది, ఆపైన ముల్లు ఒక్కో బెజ్జమే లోపలికి జరుగుతూ ఆ ఏడాది చివరికి అయిదోదాన్ని కూడా దాటే స్థితికి వచ్చింది. 2024 సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేటలో చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన ఆరెతో పొడిచి దీనికి మరో రెండు బెజ్జాలు వేశాడు. ఫ్యాక్టరీ బెజ్జాల అంచులు నున్నగా ఉంటే, వీటి అంచుల్లో తోలు పీచు ఈనాటికీ కనిపిస్తుంది. ఏడో బెజ్జం దగ్గర నడుము కొలత 93 సెంటీమీటర్లు.

అదే ఏడాది వేసవిలో ఉద్యోగం మారడంతో ఇంజెక్షన్ ఆగిపోయింది. కొత్త బీమా ఆ ఖర్చు భరించలేదు, అమెరికాలో అప్పట్లో నెలకు సుమారు 1,350 డాలర్లు పలికిన మందును చేతి డబ్బుతో కొనసాగించడం ఆ కుటుంబానికి సాధ్యం కాలేదు. సెమాగ్లుటైడ్ మోతాదులో సగం రక్తంలోంచి పోవడానికే దాదాపు వారం పడుతుంది కనుక, ఆపిన తర్వాత అయిదారు వారాల పాటు దాని ప్రభావం క్రమంగా సన్నగిల్లుతూ ఉంటుంది. ఈ నిశ్శబ్ద కాలమే మనిషిని ఎక్కువగా మోసం చేస్తుందని బెల్టు అనుభవం. మందు లేకున్నా ముల్లు ఏడో బెజ్జంలోనే ఉండటంతో గండం గడిచిందని యజమాని నమ్మాడు. ఏడో వారంలో ఒక రాత్రి, భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉండగానే, అతని చెయ్యి తనకు తెలియకుండా బకిల్ మీదికి వెళ్లింది.

ఇది మనోబలం లోపించడం వల్ల జరిగింది కాదని స్పష్టంగా చెప్పుకోవాలి. బరువు తగ్గిన శరీరం ఆ తగ్గుదలను కరువుగా భావించి, కొవ్వు నిల్వల సమాచారాన్ని మెదడుకు చేర్చే లెప్టిన్‌ను తగ్గిస్తుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను పెంచుతుంది, కూర్చున్న చోట ఖర్చయ్యే శక్తిని కూడా ఆదా చేసుకుంటుంది; ఆహార నియమంతో బరువు తగ్గినవారిలో ఈ హార్మోన్ల మార్పులు ఏడాది తర్వాత కూడా కొనసాగినట్లు 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూపించారు. మందు ఉన్నంతకాలం ఈ ఒత్తిడి కనిపించదు, అంతే గాని అది లేకుండా పోదు. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్-1 పరీక్షకు కొనసాగింపుగా 2022లో వెలువడిన ఫలితాల్లో, 68 వారాల్లో సగటున 17.3 శాతం బరువు తగ్గినవారు, మందుతో పాటు ఆహార, వ్యాయామ సలహాలు కూడా ఆగిపోయిన ఏడాదికి, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. ఈ బెల్టు ముల్లు కూడా అదే లెక్కన 2025 ఉగాది నాటికి మూడో బెజ్జానికి వచ్చేసింది. ఆ రోజుల్లో యజమాని ఈ బెల్టును బీరువాలో పడేసి, నాడా ప్యాంట్లు వేసుకుని తిరిగాడు. సిగ్గు వల్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా మానుకున్నాడు. అసలు నష్టం అక్కడే ఎక్కువగా జరిగింది.

బెల్టుకు తెలియని సంగతి ఒకటుంది: తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, కండను కాపాడుకోవడానికి బరువులెత్తే వ్యాయామం, చాలినంత మాంసకృత్తులు మందు వాడుతున్న రోజుల్లోనే మొదలు కావాలి. లిరాగ్లుటైడ్ అనే ఇదే కోవకు చెందిన మందు మీద కోపెన్‌హాగన్‌లో జరిగిన పరిశోధనలో, చికిత్స ముగిసిన ఏడాదికి, వ్యాయామం చేసినవారికన్నా మందు ఒక్కటే వాడినవారిలో ఎక్కువ బరువు తిరిగి వచ్చింది. యజమానికి ఈ మాట ఆలస్యంగా తెలిసింది. బీరువాలోంచి బయటికి వచ్చిన తర్వాత బెల్టు చూసినవి చెప్పుకోదగ్గ గొప్ప మార్పులేమీ కావు: అన్నం సగానికి తగ్గి ఆ చోట పప్పు, గుడ్లు, పెరుగు చేరాయి, వారానికి మూడు రోజులు డంబెల్స్, రాత్రి భోజనం తర్వాత అరగంట నడక సాగాయి, ప్రతి ఆదివారం ఉదయం బెల్టు పెట్టుకుని చూసి, ఒక బెజ్జం బయటికి జరిగితే ఆ వారమే డాక్టరుకు ఫోను చేయాలన్న నియమం వచ్చింది.

మందు ఆపాలనుకునేవారు చివరి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుతో కూర్చుని, తర్వాతి ఏడాది ఎలా గడవాలో రాసుకోవాలి. అవసరమైతే మందును మళ్లీ మొదలుపెట్టడాన్ని రక్తపోటు మాత్ర కొనసాగించడం లాగే చూడాలి. ఈ బెల్టు ముల్లు 2025 దీపావళి నుంచి నాలుగో బెజ్జంలో ఉంది. అక్కడ నడుము 100.5 సెంటీమీటర్లు, మొదటి బెజ్జం కన్నా ఏడున్నర సెంటీమీటర్లు తక్కువ.